చీరల కింద సీసా

ప్రశ్న:

మాది తెనాలి. మా బాబుకి పదేళ్లు, ఐదో తరగతి చదువుతున్నాడు. చిన్నప్పటి నుంచి ఒక్కచోట కూర్చోడు, చేతిలోని వస్తువు ఎక్కడ పెట్టాడో గుర్తుండదు. రెండేళ్ల క్రితం విజయవాడలో పిల్లల మానసిక వైద్యుడికి చూపిస్తే ఏడీహెచ్‌డీ అన్నారు. మిథైల్‌ఫెనిడేట్ మాత్ర మొదలుపెట్టాక చదువు దారిలో పడింది.

ఆరు నెలల నుంచి కొత్త బాధ పట్టుకుంది. తెల్లారితే కడుపునొప్పి అంటాడు. స్కూలు బస్సు హారన్ వినపడగానే వాంతి చేసుకుంటాడు. హోంవర్కులో ఒక్క అక్షరం వంకర పోతే కాగితం చిరిగేదాకా రబ్బరుతో రుద్దుతాడు. వాళ్ల నాన్న రావడం పది నిమిషాలు ఆలస్యమైతే గేటు దగ్గర్నించి కదలడు. రాత్రి నా కొంగు వేలికి చుట్టుకుంటేగానీ నిద్రపోడు. ఇది యాంగ్జయిటీ అనీ, కౌన్సెలింగ్ మొదలుపెడదామనీ, దాంతోపాటు తక్కువ మోతాదులో సెర్ట్రాలిన్ ఇవ్వవచ్చనీ, ఆలోచించుకుని చెప్పమనీ డాక్టరుగారు అన్నారు.

మావారు "నీ ఇష్టం" అంటున్నారు. అత్తగారేమో "పసివాడికి పిచ్చిమందులేంటి, మా వంశంలో ఎవరికైనా ఉందా" అని ఏడుస్తున్నారు. తను నిద్రకు వేసుకునే ఆల్‌ప్రజోలంలో పావు ముక్క ఇచ్చి చూడమంటున్నది కూడా ఆవిడే. మొదటి మాత్రనే నేను దాచి ఇస్తున్నాను. బాబు పేరు చదువుతాడని షీటులోంచి తీసి ఖాళీ విటమిన్ సీసాలో పోసి, బీరువాలో చీరల కింద పెట్టాను. జ్ఞాపకశక్తి మాత్ర అని చెప్పాను. మొన్న సాయంత్రం "అమ్మా, ఆ మాత్ర మానేస్తే నేను చచ్చిపోతానా?" అని అడిగాడు. "దీపాలు పెట్టే వేళ అవేం మాటలురా, తథాస్తు దేవతలుంటారు" అని కసిరాను. రెండో మందు వేయమంటారా, వద్దంటారా?

- ఒక తల్లి, తెనాలి

జవాబు:

తల్లీ, ఈ ఉత్తరంలో రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి నువ్వు నన్ను అడిగింది, రెండోది నీ బిడ్డ నిన్ను అడిగింది. నీ ప్రశ్నకు జవాబు కోసం ఉత్తరం రాశావు. వాడి ప్రశ్నకు తథాస్తు దేవతల్ని అడ్డం పెట్టి నోరు మూయించావు. నీ ఉత్తరం తీసి ఈ వారం జవాబు రాయడానికి కారణం ఆ రెండో ప్రశ్నే.

ముందు నీ సంగతి చూద్దాం. మందు వేయాలో వద్దో తేల్చాల్సింది పిల్లవాణ్ని కళ్లారా చూసిన డాక్టరు, మీ దంపతులు. నేను చెప్పగలిగింది ఇంతే. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో నలుగురిలో ఒకరికైనా ఇలాంటి ఆందోళన తోడవుతుంది, నీ పెంపకంలో లోపం వల్ల వచ్చింది కాదు. ఆందోళన ఉన్న 7 నుంచి 17 ఏళ్ల పిల్లలు 488 మందితో అమెరికాలో చేసిన ఒక పెద్ద అధ్యయనం 2008లో అచ్చయింది. భయాన్ని కొంచెం కొంచెంగా ఎదుర్కోవడం నేర్పే సీబీటీ అనే కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్లలో 60 శాతం మంది బాగుపడ్డారు. సెర్ట్రాలిన్ ఒక్కటే వాడినవాళ్లలో 55 శాతం, రెండూ కలిపి తీసుకున్నవాళ్లలో 81 శాతం, మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 24 శాతం. అంటే మీ డాక్టరుగారు వింత సలహా ఏమీ ఇవ్వలేదు. ఒక్క మాట మాత్రం ఆయన్ని తప్పకుండా అడుగు. మిథైల్‌ఫెనిడేట్ వల్ల కూడా కడుపునొప్పి, ఆకలి మందగించడం, నిద్రపట్టకపోవడం ఉంటాయి. ఈ ఆరు నెలల్లో దాని మోతాదుగానీ వేళగానీ మారాయేమో గుర్తు చేసుకుని చెప్పు. బస్సులోనో క్లాసులోనో ఎవరైనా ఏడిపిస్తున్నారేమో కనుక్కో.

ఇక ఆల్‌ప్రజోలం పావు ముక్క సంగతి. వద్దు. పెద్దల నిద్రమాత్ర పసివాడి నోట్లో పెట్టడం మహా తప్పు. అది అలవాటుపడిపోయే మందు, కొందరు పిల్లల్లో తిక్క ఇంకా పెంచుతుంది. ఆవిడ కూడా ప్రేమతోనే అంటోంది, కాదనను. కానీ ఆ మాత్రల్ని ఆవిడ గదిలో పిల్లలకు అందకుండా పెట్టించు.

మీ ఆయనకు ఈ పేరా చదివి వినిపించు. అయ్యా, భార్య చీర కొనుక్కోవాలా అని అడిగితే "నీ ఇష్టం" అనండి. బిడ్డ మందు విషయంలో ఆ మాటకు అర్థం వేరు. రేపు మంచి జరిగితే మనదీ, తేడా వస్తే నీదీ అని ముందే రాయించుకోవడం అది. గేటు దగ్గర నిలబడి మీకోసం ఎదురుచూస్తున్న పిల్లవాడు మీ బిడ్డ. డాక్టరు దగ్గరకు మీరు కూడా వెళ్లండి.

ఇప్పుడు వాడి ప్రశ్నకు వస్తాను.

తల్లీ, రోజూ పొద్దున నువ్వేం చేస్తున్నావో ఆ పిల్లవాడి కళ్లతో చూడు. అమ్మ గది తలుపు దగ్గరగా వేస్తుంది. బీరువా తాళం తీస్తుంది. చీరలెత్తి, అడుగు నుంచి సీసా బయటికి తీస్తుంది. ఒక్క మాత్ర చేతిలో పెట్టి, వాడు మింగేదాకా కళ్లార్పకుండా చూస్తుంది. మళ్లీ చీరలు కప్పేస్తుంది. పదేళ్లవాడికి దీన్నిబట్టి ఏమర్థమవుతుంది? జ్ఞాపకశక్తి మాత్రకు ఇంత కాపలా ఎందుకు? నాకేదో చెప్పుకోలేని జబ్బు ఉంది, అమ్మ దాస్తోంది అనుకున్నాడు. రెండేళ్లు వాడు దాన్ని ఒంటరిగా మోశాడు. మోయలేక ఒకరోజు నోరు తెరిచి అడిగితే, నువ్వు కసిరావు. వాడి దిగులంతా దీనివల్లే వచ్చిందని అనను, ఆ జబ్బుకు దాని కారణాలు దానికుంటాయి. కానీ మండే పొయ్యిలో నువ్వు రోజూ ఒక పుల్ల వేస్తున్నావు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా పిన్ని మా ఇంట్లో ఉండేది. ఉన్నట్టుండి వంటింట్లో గిన్నె పడిన చప్పుడు, వెంటనే తలుపు మూసేసేవాళ్లు. మా బామ్మ బొడ్లోంచి తాళంచెవుల గుత్తి లాగి లోపలికి పరుగెత్తేది. ఒకసారి తలుపు సందులోంచి చూశాను. పిన్ని పిడికిట్లో ఆ గుత్తి, మడమలు నేలకేసి కొట్టుకుంటున్నాయి. ఏమైందని అడిగితే "ఏం లేదు, పోయి ఆడుకో" అన్నారు. ముందురోజు నేను పిన్ని రిబ్బను దాచిపెట్టాను. అందుకే పిన్నికి ఇలా అయిందని నమ్మాను. ఎన్నో ఏళ్లు తాళంచెవులు గలగలమంటే నా చేతులు చల్లబడేవి. అది మూర్ఛ అనీ, గార్డినాల్ మాత్రలు వేసుకునేదాన్ననీ, సంబంధాలు తప్పిపోతాయని వాటిని బియ్యం డబ్బాలో దాచేవారనీ నా పెళ్లయ్యాక పిన్నే చెప్పింది. అది తొమ్మిదేళ్లప్పుడే ఎవరైనా ఒక్క ముక్క చెప్పి ఉంటే నా బాల్యం ఎంత తేలికపడేదో!

మన ఇళ్లలో జబ్బును పేరు పెట్టి పిలవరు. క్షయ అయితే "ఆ దగ్గు", క్యాన్సర్ అయితే "పెద్ద జబ్బు". మనసుకొచ్చిన జబ్బుకు ఆ మాత్రం మారుపేరు కూడా ఉండదు, గొంతు తగ్గించి కళ్లతో సైగ చేసుకుంటారు. పిల్లలకేం తెలుస్తుందిలే అంటారు. పిల్లలకు తెలియనిది పేరొక్కటే. నాన్న ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్లడం, నానమ్మ కొంగుతో కళ్లొత్తుకోవడం, తాము రాగానే మాట ఆగిపోవడం అన్నీ వాళ్లు చూస్తూనే ఉంటారు. మనం చెప్పని చోట వాళ్లు సొంతంగా కథ అల్లుకుంటారు. పిల్లలు అల్లుకున్న కథ అసలు సంగతి కన్నా ఎప్పుడూ భయంకరంగానే ఉంటుంది. పరువు పేరుతో పెద్దలు దాచిన ప్రతిదానికీ ఇంట్లో చిన్నవాళ్లు వడ్డీ కడతారు.

ఇది కేవలం మనసు నొచ్చుకునే విషయం అనుకోకు, నువ్వడిగిన మందు సంగతి కూడా ఇందులోనే ఉంది. సెర్ట్రాలిన్ లాంటి మందులు పని చూపించడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదట్లో కొందరు పిల్లలకు చిరాకు, గాభరా పెరుగుతాయి, అది చూసి ఏడీహెచ్‌డీ ముదిరిందని పొరబడతారు. ఈ తరహా మందుల మీద అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లో నల్లగీతల పెట్టెలో హెచ్చరిక వేయించింది. ప్రయోగాల్లో ఈ మందులు వాడిన పిల్లల్లో 100కి నలుగురికి చనిపోవాలనే ఆలోచనో, అలాంటి ప్రవర్తనో కనిపించింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో ఇద్దరికి. ఆ ప్రయోగాల్లో ఎవరూ ప్రాణం తీసుకోలేదు. కాబట్టి బెదిరిపోనక్కర్లేదు, కానీ మొదటి వారాల్లో పిల్లవాణ్ని కనిపెట్టుకుని ఉండాలి. లోపల ఏం జరుగుతోందో చెప్పాల్సింది వాడే. ఏం మింగుతున్నాడో తెలియనివాడు ఏం చెబుతాడు? అడిగితే కసురుతారని నేర్చుకున్నవాడు ఎవరికి చెబుతాడు? కౌన్సెలింగైనా అంతే. తన భయానికి పేరుందని తెలియని పిల్లవాణ్ని ఏ కౌన్సెలర్ నడిపించగలడు? నువ్వు ఏ దారిన వెళ్లినా ముందు ఆ బీరువా తలుపు తెరవాలి.

వాడికి అర్థమయ్యే మాటల్లో చెప్పు. "క్లాసులో అందరూ ఒకేసారి మాట్లాడితే టీచరు మాట వినపడదు కదా, నీ తలలో అలా అవుతుంటుంది. ఈ మాత్ర కాసేపు అందరినీ కూర్చోబెడుతుంది. దీని పేరు ఇది. ఇంకొకటుంది. మన వీధిలో కుక్క ఆకు కదిలినా దొంగ వచ్చాడని మొరుగుతుంది చూశావా? నీ లోపలి భయం అలాంటిది. కుక్క మంచిదే, నిన్ను కాపాడాలనే దాని తాపత్రయం. ఎప్పుడు మొరగాలో దానికి నేర్పిద్దాం" అని చెప్పు. మాత్రల్ని విటమిన్ సీసాలోంచి తీసెయ్. చుట్టాల పిల్లలెవరైనా విటమిన్ అనుకుని మింగితే ఎంత ప్రమాదం! ఇకపై వాటిని షీటులోనే, పేరు కనపడేలా ఉంచు. తాళం వెయ్, అది జాగ్రత్త కోసమని వాడికి చెప్పు. ఈసారి డాక్టరు దగ్గర వాణ్ని బయట కూర్చోబెట్టకు. ఆ ప్రశ్న వాడి నోటితోనే ఆయన్ని అడగనివ్వు. మందు మొదలుపెడితే మీ అంతట మీరు హఠాత్తుగా మానకండి. డాక్టరు అందక కంగారుపడితే 14416కి ఫోను చెయ్, అది కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్. రాత్రీపగలూ పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడతారు.

వీటన్నిటికన్నా ముందు, ఈ రోజే, దీపాలు పెట్టే వేళకు వాణ్ని దగ్గర కూర్చోబెట్టుకో. ఆ రోజు కసిరినందుకు తల నిమిరి, "ఆ మాత్ర మానేసినా చచ్చిపోవు నాన్నా, నీకేం కాదు, నేనున్నాను" అని పైకి చెప్పు. తథాస్తు దేవతలు ఉంటే ఆ మాటకు కూడా తథాస్తు అంటారు.