పాప కంటి మీద ఎర్ర మచ్చ

విజయవాడ రోడ్డు మీద హయత్‌నగర్ దాటితే బాటసింగారం వస్తుంది. ఆ ఊరిలో ఒక ఇల్లు అనుకుందాం. ఆ ఇంట్లో నెల పాప ఉంది. పుట్టినప్పుడు పాప ఒంటి మీద ఏ మచ్చా లేదు. రెండో వారంలో కంటి పైరెప్ప మీద చిన్న ఎరుపు కనిపించింది. దోమ కుట్టిందేమో అనుకున్నారు. నాలుగో వారానికి అది శనగగింజంత అయింది. పాప ఆ కన్ను సగమే తెరుస్తోంది.

"గ్రహణం నాడు బయటికి పోవద్దని చెప్పిన. విన్నవా?" అన్నది అత్త.

"ఆకు పసరు పూస్తే పోతది" అన్నది పక్కింటామె.

"ఆడపిల్లాయె. మొఖం మీద మచ్చ ఉంటే రేపు పెండ్లి ఎట్లయితది?" అన్నది ఇంకొకామె.

తల్లి ఏమీ అనలేదు. పాపను కొంగు చాటున దాచుకుంది.

28వ రోజున ఆశా కార్యకర్త వచ్చింది. ఆసుపత్రిలో కాన్పు అయిన తల్లి ఇంటికి ఆశా 42 రోజులలో ఆరుసార్లు వస్తుంది. బిడ్డను తూకం వేస్తుంది. ఒళ్ళంతా చూస్తుంది. తల్లి కొంగు తీసి మచ్చ చూపింది.

"గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు పెద్దమ్మా. ఇది ఎవరి తప్పూ కాదు" అన్నది ఆశా. "పసరు పూయొద్దు. మచ్చ కంటి మీద ఉంది. ఆగొద్దు. రేపే డాక్టరుకు చూపిద్దాం."

మరునాడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు చూశారు. నీలోఫర్ ఆసుపత్రికి చీటీ రాశారు. అది పిల్లల కోసం ఉన్న సర్కారు దవాఖాన. అత్తా కోడలూ ఎల్.బి. నగర్ దాకా బస్సులో వెళ్ళారు. అక్కడ మెట్రో రైలు ఎక్కి లకిడీకాపూల్‌లో దిగారు.

ఈ మచ్చ ఏమిటి?

డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. చర్మంలో సన్నని రక్తనాళాలు ఎక్కువగా పెరిగి ఒకచోట గుంపు కడతాయి. అదే ఈ ఎర్ర గడ్డ. దీని పేరు హీమాంజియోమా. ఇది క్యాన్సర్ కాదు. అంటు జబ్బు కాదు. మగపిల్లల కంటే ఆడపిల్లలకు ఎక్కువగా వస్తుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు, తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు కూడా ఎక్కువ.

మొదటి మూడు నాలుగు నెలలు ఇది తొందరగా పెరుగుతుంది. ఏడాది నిండాక మెల్లమెల్లగా తగ్గుతుంది. నాలుగైదేళ్ళు వచ్చేసరికి చాలావరకు పోతుంది. కొందరికి కొంచెం గుర్తు మిగులుతుంది. వీపు మీదనో, చేతి మీదనో చిన్న మచ్చ ఉంటే సాధారణంగా మందు అక్కరలేదు. డాక్టరుకు చూపించి కనిపెట్టుకుని ఉంటే చాలు.

"మరి తానే పోతది గదా. మందెందుకు?" అని అత్త అడిగింది.

"అమ్మా, పసిపిల్లలు చూస్తూ చూస్తూనే చూపు నేర్చుకుంటారు. రెప్ప మూసుకుపోతే ఆ కన్ను చూపు నేర్చుకోదు. తర్వాత మచ్చ పోయినా చూపు మసకగానే ఉండిపోవచ్చు. అందుకే ఇప్పుడే మందు కావాలి" అన్నది డాక్టరమ్మ.

మందు ఎలా దొరికింది?

ఆ మందు పేరు ప్రొప్రానొలాల్. అది మొదట గుండె జబ్బుకు, రక్తపోటుకు వాడిన మందు. ఫ్రాన్స్ దేశంలో బోర్డో నగరంలో ఒక బిడ్డకు ముక్కు మీద పెద్ద గడ్డ ఉండేది. ఆ బిడ్డకు గుండె ఇబ్బంది వస్తే ఈ మందు ఇచ్చారు. మరునాటికే గడ్డ ఎరుపు తగ్గింది, మెత్తబడింది. క్రిస్టీన్ లెయోటె లాబ్రెజ్ అనే డాక్టరమ్మ, ఆమె తోటి డాక్టర్లు 2008లో ఈ సంగతి లోకానికి చెప్పారు. ఇప్పుడు ఎన్నో దేశాలలో ఇదే ముఖ్యమైన మందు.

పాప గుండెను, బరువును, కన్నును పరీక్షించి మందు మొదలుపెట్టారు. కొద్ది వారాలలో గడ్డ మెత్తబడింది. పాప కన్ను తెరిచింది. అయినా తల్లి మందు ఆపలేదు. ఈ మందు ఆరు నెలలైనా వాడాలి. పాప బరువు పెరిగేకొద్దీ డాక్టరు మోతాదు మారుస్తారు.

ఇప్పుడు అత్త వాడకట్టులో ఎవరింట బిడ్డ పుట్టినా అడుగుతోంది. "ఒళ్ళంతా చూసినవా బిడ్డా? మచ్చ ఉంటే దాచకు, డాక్టరుకు చూపియ్యి" అంటోంది.

గుర్తుంచుకోండి

1. కన్ను, ముక్కు, పెదవి, గొంతు, మలమూత్రాలు పోయే చోట మచ్చ ఉంటే వెంటనే చూపించండి. ఐదు, అంతకంటే ఎక్కువ మచ్చలు ఉన్నా, మచ్చ పుండు పడినా ఆలస్యం చేయకండి.

2. పాలు పట్టాకే మందు వేయండి. బిడ్డ పాలు తాగకపోయినా, వాంతులైనా ఆ పూట మందు వేయకండి. ఒంట్లో చక్కెర పడిపోతుంది. డాక్టరును అడగండి.

3. బిడ్డకు చెమటలు పట్టినా, మత్తుగా ఉన్నా, ఆయాసం వచ్చినా మందు ఆపి ఆసుపత్రికి పరుగెత్తండి.

4. దుకాణంలో మీ అంతట మీరు మందు కొని వేయకండి.

5. మచ్చ నుంచి రక్తం కారితే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు అదిమి పట్టండి. ఆగకపోతే ఆసుపత్రికి వెళ్ళండి.

6. వాతలు పెట్టకండి. పసర్లు పూయకండి.

చెప్పండి, రాయండి

1. పాప మచ్చను డాక్టరు వెంటనే చూడాలని ఆశా ఎందుకు అన్నది?
2. మందు ఏ పూట వేయకూడదు?
3. మీ ఊరి ఆశా కార్యకర్త పేరు రాయండి.