కాందిశీకుల ఖర్చు ఎవరు భరించాలి?



ఇంటికి అనుకోకుండా నలుగురు బంధువులు వస్తే ఆ పూటకు నాలుగు గిద్దెల బియ్యం ఎక్కువ పోస్తాము. లక్షమందికి పైగా పరాయివారు ఒక్కసారిగా వస్తే ఒక దేశం ఏమి చేయాలి? ఆ ఖర్చు ఎవరు, ఎంతకాలం భరించాలి? వియత్నాం కాందిశీకుల చరిత్ర ఇందుకు మంచి పాఠం.

1975 ఏప్రిల్ 30న సైగాన్ నగరం కమ్యూనిస్టు సేనల వశమైంది. ఆ సంవత్సరం సుమారు 1,30,000 మంది అమెరికా చేరారు. మే 23న అధ్యక్షుడు ఫోర్డ్ సంతకం చేసిన చట్టం వారి కోసం 45.5 కోట్ల డాలర్ల వరకు ఖర్చు చేయడానికి వీలు కల్పించింది. వారిని మొదట నాలుగు సైనిక శిబిరాలలో ఉంచి, పూచీ పడేవారు దొరికిన కొద్దీ ఊళ్లకు పంపారు. పూచీదారులను వెదికే పని స్వచ్ఛంద సంస్థలది. ఇందుకు మనిషికి 500 డాలర్ల చొప్పున ప్రభుత్వం ఆ సంస్థలకు ఇచ్చింది. అందరికంటె ఎక్కువమందికి నీడ చూపినది అమెరికా కతోలిక పీఠాధిపతుల సంస్థే.

అయితే 500 డాలర్లతో ఒక జీవితం నిలబడుతుందా? అద్దె ఇల్లు, వంటసామాను, పిల్లల బడి, ఇంగ్లీషు చదువు, ఉద్యోగం - వీటిలో చాలా భాగం విచారణలు, కుటుంబాలు మోసిన భారమే.

ప్రభుత్వ విధానంలో ఒక లోపమూ ఉంది. ఏ ఒక్క రాష్ట్రం మీదా బరువు పడకూడదని కాందిశీకులను దేశమంతా చెదరగొట్టారు. తమ భాష మాట్లాడే మనిషి లేని ఊళ్లో ఎవరు నిలువగలరు? చాలామంది తమవారిని వెదుక్కుంటూ కాలిఫోర్నియా వంటి చోట్లకు మళ్లీ తరలిపోయారు. లెక్కల్లో కనబడని ఖర్చు ఇదే.

1980 చట్టం తర్వాత కాందిశీకుల నగదు, వైద్య సహాయానికి రాష్ట్రాలు పెట్టిన ఖర్చును కేంద్రం మొదటి 36 నెలల పాటు తిరిగి చెల్లించేది. పిల్లలు లేనివారికి, ఇతర సంక్షేమ పథకాలకు అర్హత లేనివారికి ఇచ్చే ప్రత్యేక నగదు సహాయపు గడువును 1991 నాటికి 8 నెలలకు కుదించారు. ఇంకొక మాట. విమాన ప్రయాణపు ఖర్చు దానం కాదు, అప్పు. కాందిశీకులు దానిని వాయిదాలలో తీర్చాలి.

కెనడా మరొక దారి చూపింది. అక్కడ ఐదుగురు పెద్దలు గాని, ఒక దేవాలయ సంఘం గాని ఒక కుటుంబానికి ఏడాది పాటు పూచీ పడే వీలు కల్పించింది. 1979-80లో ఆ దేశం చేర్చుకున్న 60,000 మంది ఇండోచైనా కాందిశీకులలో సగానికి పైగా ఇలా ప్రజల పూచీతో వచ్చినవారే.

దీనినిబట్టి మనకు తెలిసేదేమిటి? ప్రభుత్వం డబ్బు ఇవ్వగలదు, గడువు పెట్టగలదు. పొరుగువాడిని మాత్రం ఇవ్వలేదు. అలాగని ప్రజల దయ ఉన్నదని ప్రభుత్వం తన వాటా తప్పించుకోకూడదు. రెండు చేతులూ కలిస్తేనే బరువు లేస్తుంది.

కుటుంబంలో చర్చించండి: మన విచారణకు ఒక కాందిశీక కుటుంబం వస్తే, మొదటి నెల గడిచాక వారి గడప తొక్కేది ఎవరు?