హసన్‌పర్తి పరిసరాలకు అనువైన అడవి పూల విత్తనాల ఎంపిక: బతుకమ్మ పూలు ఆధారంగా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

హనుమకొండ–కరీంనగర్ రహదారిపై ఉన్న హసన్‌పర్తి ప్రాంతంలో భాద్రపద అమావాస్య మొదలు దుర్గాష్టమి వరకు బతుకమ్మను పేరుస్తారు. అందుకు కావలసిన గునుగు, తంగేడు పూలను గట్ల మీద, బీళ్లలో సేకరించడం ఆచారం. బీళ్లు ఇళ్ల స్థలాలుగా మారుతున్నాయి. మొక్కజొన్నలో వాడే అట్రజిన్ వంటి మందులు వెడల్పాకు కలుపును అణచివేస్తాయి. కావున ఈ పూలను ప్రత్యేకించి పెంచవలసిన అవసరం ఏర్పడుతున్నది. అయితే గునుగు ఖరీఫ్ పైర్లలో కలుపు మొక్క కూడా. పండుగకు పూలు అందాలి, పైరుకు నష్టం కలుగరాదు. విత్తన ఎంపికలో ఈ రెండు ప్రయోజనాలను సమన్వయపరచవలసి ఉంటుంది.

వాతావరణం – మొక్క స్వభావం

వేడితో కూడిన తేమ ఈ ప్రాంతంలో జూన్ నుండి అక్టోబరు వరకే ఉంటుంది. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, నేల ఎండిపోతుంది. ఏడాది పొడవునా తేమ కోరే జాతులు ఇక్కడ నిలువవు. వానకాలంలో పూచి వేసవిని విత్తన రూపంలో గడిపే ఏకవార్షికాలు, లోతైన వేర్లతో ఎండను తట్టుకొనే పొదలు అనుకూలమైనవి. చల్లని దేశాల గసపూలు, కార్న్‌ఫ్లవర్ కలిపిన విత్తన మిశ్రమాలు తగినవి కావు. ఏ జాతులున్నవో తెలియని మిశ్రమాలను అసలే వాడరాదు. పరదేశాల నుండి వచ్చిన వయ్యారిభామ, లాంటానా ఎంతగా వ్యాపించినవో మనకు విదితమే.

జాతుల ఎంపిక

గునుగు (సెలోషియా అర్జెన్షియా): పగటి నిడివి తగ్గేకొద్దీ పూత త్వరపడే ఏకవార్షికం. జూన్ చివర ఒకసారి, 15–20 రోజుల తరువాత మరొకసారి విత్తినచో, తిథిననుసరించి పండుగ ముందు వెనుకలైనా పూలు లభిస్తాయి. విత్తనం సూక్ష్మమైనది. ఇసుకతో కలిపి చల్లి, పలుచగా మట్టి కప్పాలి. నైజీరియాలో ఇదే మొక్క ఆకుకూర.

తంగేడు (సెన్నా ఆరిక్యులేటా): ఎర్ర చల్కా నేలలకు అనువైన పొద, తెలంగాణ రాష్ట్ర పుష్పం. నీరు నిలిచే చోటు పనికిరాదు. పై పొర గట్టిగా ఉండి నీటిని పీల్చుకోదు. కావున విత్తనాలను మరిగించి దించిన నీటిలో వేసి, చల్లారిన తరువాత రాత్రంతా నానబెట్టాలి. పుప్పొడి తిత్తుల కొనలందలి రంధ్రాల ద్వారానే పుప్పొడి వెలువడుతుంది. రెక్కల కండరాల కంపనంతో దానిని రాల్చే పెద్ద తుమ్మెదలు సమీపంలో ఉంటేనే కాయ బాగా పడుతుంది.

తుమ్మి (ల్యూకస్ ఆస్పెరా), శంఖపుష్పం (క్లిటోరియా టెర్నేషియా): తుమ్మి తేనెటీగలకు మకరందాన్నిస్తుంది. శంఖపుష్పం పశుగ్రాసంగా ఉపయోగపడుతూ, వేరు బొడిపెల ద్వారా నత్రజనిని స్థిరీకరిస్తుంది.

సేకరణ, నిల్వ, పరీక్ష

గునుగు కంకి అడుగు నుండి పైకి పక్వమవుతుంది. పైన పూత ఉండగానే కింద నల్లని విత్తనం సిద్ధమవుతుంది. అడుగు భాగం ఎండగానే కంకిని గుడ్డపై దులిపి సేకరించాలి. ఒకే మొక్కపై ఆధారపడక అనేక మొక్కల నుండి, లభ్యమైన దానిలో ఐదవ వంతుకు మించకుండా తీసికొనడం శ్రేయస్కరం.

హారింగ్టన్ సూత్రం ప్రకారం విత్తనంలో తేమ ఒక శాతం తగ్గినకొద్దీ దాని ఆయుష్షు సుమారు రెట్టింపవుతుంది. ఈ సూత్రం 5 నుండి 14 శాతం తేమ మధ్య వర్తిస్తుంది. కావున నీడలో ఆరబెట్టి, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో నిల్వ చేయాలి. విత్తే ముందు 100 విత్తనాల చొప్పున నాలుగు సార్లు మొలక పరీక్ష జరపాలి. తంగేడులో నీరు పీల్చని గట్టి విత్తనాలను చచ్చిన వాటితో కలపక వేరుగా లెక్కించాలి.

క్షేత్ర జాగ్రత్తలు

గునుగును పంటచేలలో కాక, బడి ఆవరణలోనో గ్రామ ఉమ్మడి స్థలంలోనో ప్రత్యేక మడిగా పెంచాలి. పండుగ కాగానే మిగిలిన కంకులను కోసివేసినచో విత్తనం చేలలోకి వ్యాపించదు. విత్తనం కొరకు కొన్ని మొక్కలను మాత్రమే గుర్తించి ఉంచాలి. చెరువు కట్టపై తంగేడు నాటరాదు. వేర్లు కట్టలోకి చొచ్చుకొనిపోయి నీటి ఊటకు దారితీయవచ్చు.

ముగింపు

పూవు అందం ఒక్కటే ఎంపికకు ప్రమాణం కారాదు. వేసవిని ఎట్లు గడుపుతుంది, ఎప్పుడు పూస్తుంది, ఏ కీటకానికి ఆహారమవుతుంది, పొలంలోకి వ్యాపిస్తుందా అను నాలుగు ప్రశ్నలకు సమాధానం లభించిన పిదపనే విస్తరణ సిబ్బంది ఏ విత్తనాన్నయినా సిఫారసు చేయడం సముచితం.