మాటకారి కాని రైతు – సరుకు అమ్మకము

పంట పండించుటలో నేర్పరియైన రైతు సైతము, నలుగురి ముందు నోరు విప్పి ధర చెప్పుటకు జంకుచుండును. ఆ జంకు వలన పొలము గట్టుననే వర్తకుడు చెప్పిన ధరకు సరుకు ఒప్పగించును. అమ్మకము మాటకారులకే అబ్బు విద్య కాదు. నాగలి పట్టుట ఎట్లు పట్టి నేర్చుకొంటిమో, అమ్మకమును కూడ అట్లే చేసి నేర్చుకొనవలెను.

ఎచ్చట ప్రారంభింపవలెను?

బిడియము గలవారికి రైతుబజారు అనువైన చోటు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న ప్రారంభమైన ఈ బజార్లు నేడు రెండు తెలుగు రాష్ట్రములలోను గలవు. గుర్తింపు కార్డు పొందిన రైతులు ఇచట దళారి లేకుండ తమ కూరగాయలు అమ్ముకొందురు. ఏనాటి ధర ఆనాడు బోర్డుపై వ్రాయుదురు గనుక బేరమాడు బాధ చాలవరకు తప్పును. కార్డు వివరములను బజారు ఎస్టేటు అధికారి వద్ద తెలిసికొనవలెను.

నాలుగు వారముల అభ్యాసము

1. మొదటి వారము సరుకు లేకుండ వెళ్లి చూడుడు. ఏ కూర ఏ వేళకు అమ్ముడగుచున్నది, కొనువారు ఏమి అడుగుచున్నారు అను సంగతులు పుస్తకములో వ్రాసికొనుడు.

2. రెండవ వారము అలవాటుపడిన రైతు ప్రక్కన కూర్చుండి, 20 కిలోలు మాత్రము అమ్ముడు.

3. మూడవ వారము మూడు ప్రశ్నలకు జవాబులు సిద్ధము చేసికొనుడు: ఎప్పుడు కోసినది? ఏ రకము? ఎన్నాళ్లు నిలువ యుండును? ఉన్నదున్నట్లు చెప్పిన చాలును.

4. నాలుగవ వారము 2 కిలోల మచ్చు తీసికొని, వంటపని తీరిన వేళ ఒక హోటలుకో, హాస్టలుకో వెళ్లుడు. వలదనిన చిన్నబోక, కారణమడిగి వ్రాసికొనుడు. కావలెననిన, డబ్బు ఇచ్చు రోజును మొదటనే నిర్ణయించుకొనుడు. బిడియస్థునకు సరుకు అమ్ముటకంటె బాకీ అడుగుట కష్టము.

సరుకే మాట్లాడవలెను

వంకాయలను చల్లని వేళ కోసి నీడన ఉంచవలెను. పుచ్చులు ఏరివేసి, పెద్దవి, చిన్నవి వేరు చేయవలెను. టమాటాను దూరపు సంతకు దోరగా, దగ్గరి బజారుకు ఎర్రగా కోయవలెను. తూకపు రాళ్లకు, కాటాకు తూనికలు కొలతల శాఖవారి ముద్ర ఉండవలెను. సరియైన తూకమును చూచిన ఇల్లాలు మరునాడు తానే వెదకికొని వచ్చును.

లెక్క చూచుకొనుడు

ఉదాహరణకు, గట్టున కిలో 12 రూపాయలు, బజారులో 20 రూపాయలు అనుకొందము. ఆటోకు, ఇతరములకు 160 రూపాయలు ఖర్చు. పదవ వంతు సరుకు తరుగు.

50 కిలోలు తెచ్చిన: 45 కిలోలకు 900 రూపాయలు; ఖర్చు పోను 740. గట్టుననే 600 వచ్చెడివి. లాభము 140 రూపాయలే; రోజంతటి శ్రమకు ఇది చాలదు.

100 కిలోలు తెచ్చిన: 90 కిలోలకు 1,800 రూపాయలు, ఖర్చు పోను 1,640. గట్టున 1,200. లాభము 440 రూపాయలు.

కావున సరుకు తక్కువగా నున్నప్పుడు పొరుగు రైతుతో కలిసి ఆటో మాట్లాడుకొనుట మేలు. అభ్యాసము కొరకు తెచ్చు 20 కిలోలపై లాభము చూడరాదు. అది నేర్చుకొనుటకు పెట్టు ఖర్చు.

ఎక్కువగా మాటలాడని రైతు ఎదుటివారి మాట శ్రద్ధగా వినును. ఏ ఇంటివారికి ఏ కూర కావలెనో గుర్తుంచుకొనును. అమ్మకములో అదియే సగము పని. మిగిలిన సగము సాధనతో వచ్చును. ఈ పంటలోనే కొన్ని గంపలతో ప్రారంభింపుడు.