సెకండ్‌హ్యాండ్ డిజిటల్ పియానో: ముందు కీలు చూడండి, తర్వాతే మోడల్



భజనల్లో హార్మోనియం వాయించేవాళ్లలో చాలామందికి పియానో కూడా నేర్చుకోవాలని ఉంటుంది. కొత్తది కొనాలంటే బడ్జెట్ సరిపోదు, అందుకే సెకండ్‌హ్యాండ్ వైపు చూస్తాం. అక్కడ మోడల్ పేర్ల దగ్గరే ఆగిపోతాం. నేను చెప్పేది ఒక్కటే: ఏ మోడల్ అన్నదానికంటే, మీ ఎదురుగా ఉన్న ఆ పియానో కీలు బాగున్నాయా లేదా అన్నదే ముఖ్యం.

కీలు ఎందుకంత ముఖ్యం?

హార్మోనియంలో కీ నొక్కితే గాలికి దారి తెరుచుకుంటుంది, అంతే. శబ్దం పెంచడం, తగ్గించడం తిత్తి ఊదే చేతి పని. పియానోలో ఆ పని వేలిది. డిజిటల్ పియానోలో కీ ఎంత వేగంగా దిగిందో కింద ఉన్న సెన్సర్లు కొలుస్తాయి. దాన్నిబట్టే శబ్దం వస్తుంది.

ఆ సెన్సర్ పాడైతే, మెల్లగా నొక్కినా ఒక్క స్వరం గట్టిగా అరుస్తుంది. అనుభవం ఉన్నవాళ్లు అది యంత్రం లోపమని వెంటనే పట్టేస్తారు. కొత్తగా నేర్చుకునేవాళ్లు మాత్రం "నా చెయ్యే బాలేదు" అనుకుంటారు. డబ్బు పోవడం కంటే ఈ నిరాశే పెద్ద నష్టం.

ఎక్కువగా ఎదురయ్యే మూడు మోడళ్లు

మూడింటికీ 88 కీలు, హ్యామర్ యాక్షన్ ఉన్నాయి. అంటే కీలకు బరువు ఉంటుంది. మంద్రం వైపు కొంచెం ఎక్కువ, తారం వైపు కొంచెం తక్కువ.

- యమహా పి-45: రెండు సెన్సర్లు, ఒకేసారి 64 స్వరాలు. బటన్లు చాలా తక్కువ.
- కాసియో పీఎక్స్-160: మూడు సెన్సర్లు, 128 స్వరాలు.
- రోలాండ్ ఎఫ్‌పీ-10: మూడు సెన్సర్లు, 96 స్వరాలు. బ్లూటూత్‌తో ఫోన్ యాప్‌కి కలపొచ్చు.

మూడో సెన్సర్ ఉంటే, కీ పూర్తిగా పైకి రాకముందే అదే స్వరాన్ని మళ్లీ పలికించడం తేలికవుతుంది. మొదటి ఏడాది పాఠాలకు రెండు సెన్సర్లు చాలు.

ఇంకో మాట: 61 కీల మామూలు కీబోర్డుని కూడా "పియానో" అని రాసి అమ్ముతుంటారు. కీలకు బరువు ఉందో లేదో ముందే అడగండి.

వెళ్లినప్పుడు చేయాల్సిన పరీక్ష

1. మీ హెడ్‌ఫోన్స్ తీసుకెళ్లండి. పి-45కి పెద్ద జాక్ కాబట్టి కన్వర్టర్ పిన్ కావాలి.
2. టచ్ సెట్టింగ్ "మీడియం"లో పెట్టమనండి. "ఫిక్స్‌డ్"లో ఉంటే అన్ని కీలూ ఒకేలా పలుకుతాయి, లోపం బయటపడదు.
3. ఎడమ చివరి నుంచి కుడి చివరి దాకా 88 కీలూ ఒక్కొక్కటిగా నొక్కండి. ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా. నల్ల కీలు వదలొద్దు.
4. శబ్దం పూర్తిగా తగ్గించి మళ్లీ నొక్కండి. టకటకమని చప్పుడొస్తే లోపలి ఫెల్ట్ అరిగి ఉండొచ్చు.
5. పెడల్, అడాప్టర్ చూడండి. అడాప్టర్ మీద వోల్టేజ్ పియానో వెనక రాసినదానితో సరిపోవాలి.
6. ఇది నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇష్టమైన పరీక్ష. ప్రింటర్‌కి వాడే యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి, ఏదైనా ఉచిత మిడి మానిటర్ తెరవండి. ప్రతి నొక్కుకీ 1 నుంచి 127 మధ్య ఒక అంకె కనిపిస్తుంది. ఒకే తీరుగా నొక్కుతున్నా ఒక్క కీ మాత్రం ప్రతిసారీ 120 దాటుతోందంటే ఆ సెన్సర్ అనుమానమే.

చివరికి ఏది?

కీలు పాడైన ఎఫ్‌పీ-10 కంటే శుభ్రంగా ఉన్న పి-45 వైపే నా ఓటు. రెండూ బాగుండి, ధర దగ్గరగా ఉంటే మూడు సెన్సర్లది తీసుకోండి. వందల టోన్లు, రిథమ్‌లు ఉన్నాయని మాత్రం ఎక్కువ ఇవ్వకండి. మొదట్లో మీకు కావాల్సింది ఒక్క మంచి పియానో టోన్, శ్రుతి మార్చుకోవడానికి ట్రాన్స్‌పోజ్. ఆ రెండూ ఈ మూడింటిలోనూ ఉన్నాయి.

పరీక్షకి అరగంట అడగడానికి మొహమాటపడకండి. ఆ అరగంట ఇవ్వనివాళ్ల దగ్గర కొనకపోయినా పర్లేదు.

శుభం. సాధన మొదలుపెట్టండి!