శ్రేణిలో అన్వేషణ: సున్న నేర్పు పాఠము

వెబ్‌సైట్ల నిర్మాణములో విరివిగా వాడబడుచున్న పి.హెచ్.పి. భాషను రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో లోకమునకు అందించెను. అందలి ఒక చిన్న విషయమును విద్యార్థినీ విద్యార్థుల ముందుంచదలచితిమి.

పలు విలువలను ఒకే పేరు క్రింద వరుసగా భద్రపరచు ఏర్పాటును శ్రేణి లేక అరే అందురు. తిరువూరు శాసనసభా నియోజకవర్గమునందలి నాలుగు మండలములను అకారాది క్రమమున కూర్చెదము: ఎ.కొండూరు, గంపలగూడెం, తిరువూరు, విస్సన్నపేట. మనము ఒకటితో లెక్క మొదలిడుదుము. ఈ భాషలో శ్రేణి లెక్క సాధారణముగా సున్నతో మొదలగును. కావున ఎ.కొండూరు స్థానము 0, విస్సన్నపేట స్థానము 3.

వెదకుటకు రెండు సాధనములు ముఖ్యమైనవి. 'ఇన్ అరే' అనునది విలువ కలదో లేదో మాత్రమే చెప్పును. 'అరే సెర్చ్' అనునది విలువ ఉన్న స్థానమును చెప్పును. లేనిచో 'ఫాల్స్' అనును. చిక్కు ఇచ్చటనే కలదు. ఆ జవాబును నేరుగా 'ఇఫ్' షరతులో ఉంచినచో సున్న కూడ 'ఫాల్స్'గానే ఎంచబడును. తక్కిన మూడు మండలములు దొరకును. మొదట నిలిచిన ఎ.కొండూరు మాత్రము లేనట్లు తేలును. ఉపకారవేతనముల దరఖాస్తులను అట్టి ప్రోగ్రాముతో పరిశీలించినచో, అర్హత గల మన మండల విద్యార్థి అకారణముగా త్రోసివేయబడును.

నివారణ సులభము. జవాబును మూడు సమాన చిహ్నములతో 'ఫాల్స్'తో పోల్చవలెను. రెండు చిహ్నములు విలువను మాత్రమే సరిచూచును. మూడు చిహ్నములు విలువతోపాటు దాని రకమును కూడ చూచును. 'ఇన్ అరే'లో సైతము మూడవ అంశముగా 'ట్రూ' చేర్చుట మేలు. 2020లో 8వ వెర్షను వచ్చువరకు, అట్లు చేర్చక సంఖ్యారూపమగు సున్నను మన శ్రేణిలో వెదకినచో 'ఉన్నది' అనియే జవాబు వచ్చెడిది!

అక్షరముల విషయములోను జాగ్రత్త అవసరము. 'ఎ.కొండూరు', 'ఏ.కొండూరు', చుక్క తరువాత ఖాళీ విడిచిన 'ఎ. కొండూరు' మనకు ఒకే ఊరు. యంత్రమునకు మూడు వేర్వేరు పేర్లు. ఉర్దూలో 'యే' అక్షరము, అరబ్బీ 'యా' అక్షరము పదము నడుమ కంటికి ఒక్కటిగానే తోచును. కాని వాని సంకేత సంఖ్యలు వేరు. కనుక వెదకుటకు ముందే పేర్లన్నిటిని ఒకే రూపమునకు తెచ్చుకొనవలెను.

సున్న అనగా లేమి కాదు, అదియు ఒక స్థానమే. 'దొరకలేదు' అని యంత్రము పలికినప్పుడు, మన ప్రశ్న సరియైనదేనా అని మరల చూచుకొనుట విద్యావంతుల కర్తవ్యము. జాబితాలోని ప్రతి పేరు వెనుక ఒక మనిషి కలడని మరువరాదు.