పథకాల కబురు: పదిమందికి పంపే ముందు పరీక్ష

నూలు చిలప కొనేటప్పుడు మనము కౌంటు అడుగుతాము. పోగు తీసి లాగి చూస్తాము. తడి ఉన్నదేమో తడిమి చూస్తాము. అంగడివాని మాట ఒక్కటే నమ్మి డబ్బు ఇచ్చే నేతగాడు అరుదు. అట్టి మనమే, సెల్‌ఫోనులో వచ్చిన ప్రభుత్వ పథకపు కబురును ఏ పరీక్షా లేకుండా బంధువర్గమంతటికీ పంపివేస్తున్నాము.

నేడు ప్రభుత్వ సహాయములలో చాలా భాగము దరఖాస్తు మొదలుకొని సొమ్ము ఖాతాలో పడే వరకు కంప్యూటరు మీదనే నడుస్తున్నవి. కావున మంచి కబురు సకాలములో అందని ఇంటికి రావలసిన సొమ్ము రాదు. చెడ్డ కబురు అందిన ఇంట ఉన్న సొమ్ము పోతుంది. ఈ రెండు నష్టములను తప్పించుటకు నాలుగు ప్రశ్నలు నేర్చుకొందాము.

మొదటి ప్రశ్న: ఇది ఏ ప్రభుత్వపు పథకము?

కబురు తెలుగులో ఉన్నంత మాత్రమున అది మనకు వర్తించదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో నేతన్న నేస్తం ప్రారంభమైనది. సొంత మగ్గము గల నేత కుటుంబానికి సంవత్సరానికి 24,000 రూపాయలు ఇచ్చిన ఆ పథకము ఆ రాష్ట్రవాసులకే వర్తించినది. సేలములోను, షోలాపురములోను, బరంపురములోను ఉన్న తెలుగు నేతగానికి అందులో భాగము లేకపోయినది. పథకము చూసేది మాతృభాషను కాదు, నివాసమును. యానాము చుట్టూ ఆంధ్రప్రదేశమే ఉన్నా, అక్కడివారు చూడవలసినది పుదుచ్చేరి ప్రభుత్వపు ప్రకటనలనే. కర్ణాటకలోని మనవారికి 2020లో అక్కడి ప్రభుత్వము నేకార సమ్మాన్ పథకమును పెట్టినది. దాని దరఖాస్తు సేవా సింధు ద్వారా. కేంద్ర ప్రభుత్వపు ఈ-శ్రమ్ వంటివి మాత్రము అన్ని రాష్ట్రాలవారికీ సమానమే. అసంఘటిత కార్మికుల కొరకు 2021 ఆగస్టు 26న ప్రారంభమైన ఆ నమోదులో చేరినవారికి 12 అంకెల సంఖ్య ఇస్తారు.

రెండవ ప్రశ్న: తేదీ ఎప్పటిది?

గడువు తీరిన కబురు కూడా అబద్ధము వంటిదే. ఈ-శ్రమ్‌లో చేరినవారు ప్రమాదములో మరణిస్తే కుటుంబానికి 2 లక్షల రూపాయలు ఇచ్చే ఏర్పాటు 2022 మార్చి 31 వరకు జరిగిన ప్రమాదములకు సంబంధించినది. ఆ తేదీ లేకుండా కబురు పంపితే, ఆపదలో ఉన్న కుటుంబానికి లేని ఆశ కల్పించినవారము అవుతాము. అట్లే తమిళనాడులో చేనేతవారికి రెండు నెలలకు 200 యూనిట్లుగా ఉన్న ఉచిత విద్యుత్తును 2023లో 300 యూనిట్లు చేసినారు. పాత కాగితమును నమ్మినవాడు తన హక్కును తక్కువగా ఎంచుకొంటాడు.

మూడవ ప్రశ్న: చిరునామా ఎవరిది?

ప్రభుత్వపు ఇంటర్నెట్ చిరునామాలు సాధారణంగా ‘జీఓవీ డాట్ ఇన్’ అని గాని, ‘ఎన్ఐసీ డాట్ ఇన్’ అని గాని ముగుస్తాయి. రాష్ట్రపు గుర్తు వీటికి ముందు ఉంటుంది: తమిళనాడుకు ‘టీఎన్’, పుదుచ్చేరికి ‘పీవై’, కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్రలకు వాటి పూర్తి పేర్లే. మోసగాండ్రు ఈ ‘జీఓవీ’ అక్షరములను చిరునామా నడుమ ఎక్కడో ఇరికించి, చివర ‘డాట్ కామ్’ అనో ‘డాట్ ఆన్‌లైన్’ అనో పెడతారు. కావున మొదట కనుపించిన మాటను చూడరాదు. ‘హెచ్‌టీటీపీఎస్’ తరువాత వచ్చే జంట గీతలను వదలి, ఆ పిమ్మట వచ్చే మొదటి ఒంటి ఏటవాలు గీతకు ముందు ఏమున్నదో చూడవలెను. ఆ గీత లేకపోతే చిరునామా కొసను చూడవలెను. అక్కడ ‘జీఓవీ డాట్ ఇన్’ లేదా ‘ఎన్ఐసీ డాట్ ఇన్’ లేకపోతే, సంఘ కార్యాలయములోనో చేనేత శాఖ కార్యాలయములోనో అడుగక ముందుకు పోరాదు.

నాలుగవ ప్రశ్న: మననుండి ఏమి అడుగుతున్నారు?

ఈ-శ్రమ్‌లో స్వయముగా నమోదు చేసికొనుటకు రుసుము లేదు. ఖాతాలోకి సొమ్ము వచ్చుటకు పిన్ను నొక్కవలసిన పని లేదు. పిన్ను అడిగినారంటే సొమ్ము పోవుటకే. ఫోనుకు వచ్చే ఓటీపీని ఏ అధికారి అడిగినా చెప్పరాదు. ‘ఏపీకే’ అనే ముగింపుతో వచ్చిన ఫైలును తెరవరాదు, ఇతరులకు పంపరాదు. ఆధారు నకలు ఇవ్వవలసి వచ్చినప్పుడు, అంగీకరించే చోట, చివరి 4 అంకెలు మాత్రమే కనుపించే మాస్క్‌డ్ ఆధారును ఇవ్వవచ్చును. ఇంతలో మోసము జరిగిపోతే సిగ్గుపడి దాచరాదు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయవలెను. ఆలస్యమైన కొద్దీ సొమ్ము చేతులు మారిపోతుంది.

ఇక కబురు పంపే పద్ధతి. పథకము పేరు, ఏ ప్రభుత్వము, ఎవరికి, కడపటి తేదీ, కావలసిన కాగితాలు, అడుగవలసిన కార్యాలయము — ఈ ఆరు విషయములు రాయండి. వీటిలో ఒక్కటి తెలియకపోయినా తెలిసికొనే వరకు ఆగండి. మనవారిలో తెలుగు మాట్లాడగలిగి, తెలుగు లిపి చదువలేనివారు చాలామంది ఉన్నారు. వారి కొరకు అదే కబురును నోటితో చెప్పి, రికార్డు చేసి పంపండి. ఫోను లేని వృద్ధుల ఇంటికి పిల్లలలో ఒకరిని పంపండి. గడువు దాటిన మరునాడు ‘ఇది ముగిసినది’ అని మరల తెలియజేయండి.

ప్రతి ఊరి సంఘము చదువుకొన్న యువతీయువకులను ఇద్దరిని ఈ పనికి నియమించవలెనని కోరుచున్నాము. కబురు వారి పరీక్షలో నిలిచిన పిమ్మటనే వీధికి పోవలెను. పడుగులో తెగిన పోగును అక్కడికక్కడ అతికితే బట్టకు లోపము రాదు. ఈ పనీ అట్టిదే.